ఇంగ్లిషు నామవాచకాల ముందు ‘ఎ’, ‘ఎన్’: వాడే చోటు, వదిలే చోటు

ఇంగ్లిషులో నామవాచకానికి ముందు వచ్చే ‘ఎ’, ‘ఎన్’ అనే చిన్న మాటలను ఇండెఫినిట్ ఆర్టికల్ అంటారు. వినేవారికి అప్పటివరకు తెలియని మనిషిని గాని వస్తువును గాని మాటల్లోకి తెచ్చేటప్పుడు ఇవి వస్తాయి. ఆ నామవాచకం లెక్కపెట్టడానికి వీలైనదై ఉండాలి, ఏకవచనంలో ఉండాలి. ఈ మూడు లక్షణాల్లో ఏది లోపించినా సాధారణంగా ఈ ఆర్టికల్‌ను వదిలేస్తారు. తెలుగులో ఆర్టికల్ అనే వ్యాకరణ వర్గం లేదు. అందుకే ఎన్నో ఏళ్లు ఇంగ్లిషు చదివిన తెలుగువారికి కూడా ‘ఎ’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మానాలి అన్న సందేహం మిగిలిపోతుంది. గోదావరి డెల్టాలోని రామచంద్రపురం, దాని చుట్టుపక్కల ఊళ్ల వాడుకను, జీవితాన్ని ఉదాహరణలుగా తీసుకుని ఈ వ్యాసం ఆ నియమాలను వివరిస్తుంది.

డెల్టాకు ఆర్టికళ్లు వచ్చిన దారి

రామచంద్రపురం కాకినాడ–కోటిపల్లి రైలుమార్గంలో, ద్రాక్షారామానికి చేరువలో ఉన్న పురపాలక పట్టణం. నేతబట్టల వ్యాపారం కోసం యూరప్ కంపెనీలు ఈ డెల్టాలో పోటీపడి స్థావరాలు పెట్టాయి. ఇంజరంలోనూ, నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలోనూ ఇంగ్లిషువారు, యానాంలో ఫ్రెంచివారు, పాలకొల్లులోనూ కాకినాడ జగన్నాథపురంలోనూ డచ్చివారు వర్తకం చేశారు. ఈ మూడు భాషల్లోనూ ఇండెఫినిట్ ఆర్టికల్ ఉంది. మూడింటిలోనూ అది ‘ఒకటి’ అనే సంఖ్య నుంచే పుట్టింది. ఫ్రెంచిలో పుంలింగానికి ఒక రూపం, స్త్రీలింగానికి మరో రూపం ఉంటాయి. ఇంగ్లిషులో లింగంతో పని లేదు, తర్వాత వచ్చే ధ్వనిని బట్టి ‘ఎ’ గాని ‘ఎన్’ గాని వస్తుంది.

డెల్టాలో ఇంగ్లిషు వర్తకుల భాషగా మొదలై తర్వాత బడి భాషగా మారింది. రాజమండ్రిలో 1853లో మొదలైన ప్రభుత్వ పాఠశాల క్రమంగా కళాశాలగా ఎదిగింది. రాజమండ్రిలో పుట్టిన కందుకూరి వీరేశలింగం (1848–1919) కోరంగి, ధవళేశ్వరం పాఠశాలల్లో పనిచేశారు. 1766లో వెలువడిన గోల్డ్‌స్మిత్ నవల ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణతో ‘రాజశేఖర చరిత్రము’ రాశారు. ఇంగ్లిషు వాక్యాన్ని తెలుగు నుడికారంలోకి తేవాలంటే ప్రతి ‘ఎ’నూ ‘ఒక’గా మార్చనక్కర్లేదని అనువాదకులకు అనుభవంలో తెలిసేదే.

తెలుగు, ఇంగ్లిషుల మధ్య ఈ తేడాను 19వ శతాబ్దపు పండితులు కూడా గమనించారు. రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ప్రచురించిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో, ఈ భాషల్లో ‘ఒకటి’ని సూచించే సంఖ్యావాచకం అవసరమైన చోట ఇండెఫినిట్ ఆర్టికల్ పని చేస్తుందని గుర్తించారు. రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1852 నాటి తన నిఘంటువులో ‘ఒక’ అన్న మాటకు సంఖ్యార్థంతో పాటు ఆర్టికల్ అర్థాన్నీ ఇచ్చారు.

‘ఒకటి’ నుంచి ‘ఎ’ దాకా

పాత ఇంగ్లిషులో ‘ఆన్’ అంటే ఒకటి. కాలక్రమంలో అది రెండు పాయలైంది. ఊనిక ఉన్నచోట సంఖ్యగా నిలిచి నేటి ‘వన్’ అయింది. ఊనిక లేనిచోట అరిగి ‘ఎన్’ అయింది, హల్లు ముందు చివరి నకారం కూడా పోయి ‘ఎ’గా మిగిలింది. కాబట్టి చరిత్రలో మూలరూపం ‘ఎన్’, దాని అరిగిన రూపం ‘ఎ’. రాతలో ‘ఎ’ అన్నా మాట్లాడే వేగంలో అది ‘అ’ అనే వినిపిస్తుంది.

తెలుగులోనూ ఇలాంటి అరుగుదల జరిగింది. ‘ఒక’ అన్నది వ్యవహారంలో ‘ఓ’ అయింది. ‘ఓ ఊళ్లో ఓ రైతు’ అన్నప్పుడు అది సంఖ్య కాదు, కొత్త మనిషిని కథలోకి తెచ్చే మాట. అయితే ‘ఓ పది కొబ్బరికాయలు’, ‘ఓ నలుగురు వచ్చారు’ అంటూ బహువచనంతో సుమారు అన్న అర్థంలో కూడా ‘ఓ’ను వాడతాం. ఇంగ్లిషులో ‘ఎ’ బహువచనంతో నేరుగా కలవదు. ‘ఎ ఫ్యూ’, ‘ఎ హండ్రెడ్’ వంటి కొన్ని పదబంధాల్లో మాత్రమే కలుస్తుంది.

ఈ నకారం కొన్ని మాటల రూపాన్నే మార్చేసింది. ‘ఎ నేప్రన్’ అన్నదాన్ని జనం ‘ఎన్ ఏప్రన్’గా విడదీసుకున్నారు. అలాగే ఒక విషపాముకు ఉన్న ‘నాడర్’ అన్న పేరు ‘ఆడర్’ అయింది. దీనికి ఎదురుగా ‘ఎన్ ఎక్‌నేమ్’ నుంచి నకారం తర్వాతి మాటలోకి జారి ‘నిక్‌నేమ్’ వచ్చింది.

ఇలాంటి ఆర్టికళ్లు ప్రపంచంలో అన్ని భాషలకూ లేవు. సంస్కృతం, లాటిన్, రష్యన్, జపనీస్ భాషలు అవి లేకుండానే నిండుగా భావం చెబుతాయి. ప్రపంచ భాషా నిర్మాణాల అట్లాస్ కోసం మాథ్యూ డ్రయర్ పరిశీలించిన 534 భాషల్లో 198 భాషలకు డెఫినిట్ (ఇంగ్లిషు ‘ది’ వంటిది), ఇండెఫినిట్ రెండు ఆర్టికళ్లూ లేవు. ఆర్టికల్ లేకపోవడం భాషకు లోటు కాదు. ఆ భాష తన పని మరో దారిలో చేసుకుంటుంది.

తెలుగు ఆ పని ఎలా చేస్తుంది

కొత్త విషయానికీ తెలిసిన విషయానికీ మధ్య తేడాను తెలుగు ప్రధానంగా పదక్రమంతో చూపిస్తుంది. ‘బల్ల మీద పుస్తకం ఉంది’ అంటే వినేవారికి కొత్త సంగతి. ఇంగ్లిషులో అక్కడ ‘ఎ బుక్’ వస్తుంది. ‘పుస్తకం బల్ల మీద ఉంది’ అంటే ఏ పుస్తకమో ఇద్దరికీ ముందే తెలుసు. అక్కడ ‘ది బుక్’ వస్తుంది. ద్వితీయా విభక్తి కూడా ఇందుకు తోడ్పడుతుంది. ‘పుస్తకం కొన్నాను’ అనడం వేరు, ‘ఆ పుస్తకాన్ని కొన్నాను’ అనడం వేరు. తెలుగు పిల్లలకు ఈ తేడా ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చు.

‘ఒక’ సాధారణంగా రెండు సందర్భాల్లో వస్తుంది. ఒకటి, లెక్క చెప్పినప్పుడు. రెండోది, మాట్లాడేవారి మనసులో ఫలానా మనిషో వస్తువో ఉన్నప్పుడు. ‘మీ కోసం ఒకాయన వచ్చి వెళ్లారండి’ అన్నప్పుడు చెప్పేవారు ఆ మనిషిని చూశారు. ‘ఇంట్లో గొడుగుందా?’ అన్నప్పుడు ఏ గొడుగైనా ఫరవాలేదు, అందుకే అక్కడ ‘ఒక’ రాదు. ఇంగ్లిషులో ఈ రెండు చోట్లా ఆర్టికల్ కావాలి: ‘ఎ మ్యాన్ కేమ్’, ‘ఈజ్ దేర్ ఎన్ అంబ్రెల్లా?’. వృత్తి చెప్పేటప్పుడూ అంతే. ‘మా నాన్నగారు రైతు’ అంటే తెలుగులో నిండు వాక్యం. ఇంగ్లిషులో ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ అనాలి. కనుక ‘ఒక ఉన్నచోట ఎ పెట్టు’ అన్న చిట్కా సగం దూరమే తీసుకెళుతుంది.

‘ఎ’ ఎక్కడ, ‘ఎన్’ ఎక్కడ

తర్వాతి మాట హల్లు ధ్వనితో మొదలైతే ‘ఎ’, అచ్చు ధ్వనితో మొదలైతే ‘ఎన్’. చూడాల్సింది అక్షరాన్ని కాదు, ఉచ్చారణను. ‘ఎ యూనివర్సిటీ’, ‘ఎ యూరోపియన్’ అనాలి, ఎందుకంటే వాటి మొదట యకారం పలుకుతుంది. ‘ఎ వన్ రూపీ కాయిన్’ అనాలి, అక్కడ వకారం ఉంది. ‘ఎన్ అవర్’, ‘ఎన్ ఆనెస్ట్ మ్యాన్’ అనాలి, ఆ మాటల్లో మొదటి అక్షరం పలకదు.

పొడి అక్షరాలకూ ఇదే సూత్రం. ‘ఎన్ ఎమ్మెల్యే’, ‘ఎన్ ఎస్.ఐ.’, ‘ఎన్ ఆర్.డి.ఓ.’, ‘ఎన్ ఎఫ్.ఐ.ఆర్.’ అనాలి, కాని ‘ఎ వి.ఆర్.ఓ.’, ‘ఎ యు.పి. స్కూల్’ అనాలి. ప్రధానోపాధ్యాయుణ్ణి మనం ‘హెచ్చెమ్’ అని హకారంతో పలుకుతాం. ఆ అక్షరం పేరు ప్రామాణిక ఇంగ్లిషులో ‘ఎయిచ్’ అని అచ్చుతో మొదలవుతుంది కనుక ‘ఎన్’ వస్తుంది.

తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సిన చోట్లు మన ఉచ్చారణలోనే ఉన్నాయి. మాట మొదటి ‘ఎ’ను ‘యె’గా, ‘ఒ’ను ‘వొ’గా పలకడం మనకు అలవాటు. అందుకే కోడిగుడ్డు ‘యెగ్’ అయి, ‘ఎన్’ వచ్చే చోట ‘ఎ’ వినిపిస్తుంది. దీనికి ఎదురుగా, ఇంగ్లిషు మాట మొదట ఉన్న యకార వకారాలను కొన్నిసార్లు మింగేస్తాం. సంవత్సరాన్నీ చెవినీ తెలుగు లిపిలో ‘ఇయర్’ అనే రాస్తాం. కాని సంవత్సరం అన్న మాట మొదట ఇంగ్లిషులో యకారం ఉంది కాబట్టి దానికి ‘ఎ’, చెవికి ‘ఎన్’. స్త్రీని సూచించే మాటను ‘ఉమన్’ అని పలికినా దాని మొదట వకార ధ్వని ఉంది కాబట్టి ‘ఎ వుమన్’ అనాలి.

తెలుగు వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం వివరించిన ద్రుతం కూడా నకారమే. అచ్చు పరమైతే అది నిలిచి ఆ అచ్చుతో కలుస్తుంది. ‘వచ్చెన్’, ‘అతడు’ కలిస్తే ‘వచ్చెనతడు’ అవుతుంది. రెండు అచ్చులు ఢీకొనకుండా నకారం నిలవడం రెండు భాషలకూ తెలుసు.

తప్పక వాడే సందర్భాలు

లెక్కపెట్టదగిన ఏకవచన నామవాచకం ఇంగ్లిషులో సాధారణంగా ఒంటరిగా నిలవదు. దాని ముందు ‘ఎ’, ‘ది’, ‘మై’, ‘దిస్’ వంటిది ఏదో ఉండి తీరాలి. తక్కిన నియమాలు చాలావరకు దీని కొమ్మలే.

కొత్తగా ప్రస్తావించేటప్పుడు: ‘దేర్ ఈజ్ ఎ కెనాల్ బిహైండ్ అవర్ హౌస్’. మళ్లీ అదే కాలువ గురించి చెబితే ‘ది కెనాల్’ అవుతుంది.

వృత్తి, వర్గం చెప్పేటప్పుడు: ‘షి ఈజ్ ఎ నర్స్’, ‘ఇట్ ఈజ్ ఎన్ ఓల్డ్ టెంపుల్’.

జాతి లక్షణం చెప్పేటప్పుడు: ‘ఎ కౌ గివ్స్ మిల్క్’. తెలుగులో ‘ఆవు పాలిస్తుంది’ అంటే సరిపోతుంది. అయితే మొత్తం జాతికి జరిగినదాన్ని చెప్పడానికి ‘ఎ’ పనికిరాదు. గోదావరిలో పులస అరుదవుతోందని చెప్పాలంటే ‘ది పులస’ అనాలి, ‘ఎ పులస’ అనకూడదు. అరుదయ్యేది ఆ జాతి గాని, ఫలానా చేప కాదు.

ధర, వేగం, తరచుదనం చెప్పేటప్పుడు: ‘ఫార్టీ రూపీస్ ఎ కిలో’, ‘ట్వైస్ ఎ డే’. తెలుగులో మొదటిదానికి ‘కిలో నలభై’ అంటాం, రెండోదానికి ‘రోజుకు రెండుసార్లు’ అని ‘కు’ చేరుస్తాం.

ఆశ్చర్యం, అతిశయం తెలిపే ‘వాట్’, ‘సచ్’ తర్వాత: ‘వాట్ ఎ క్రౌడ్!’, ‘సచ్ ఎ బిగ్ చారియట్’.

పరిచయం లేని మనిషి పేరు ముందు: ‘ఎ మిస్టర్ రావు కాల్డ్’ అంటే రావుగారట, ఎవరో ఫోన్ చేశారు అని.

‘ఫ్యూ’, ‘లిటిల్’ ముందు ఆర్టికల్ చేరితే భావమే మారుతుంది. ‘ఎ లిటిల్ వాటర్’ అంటే కొన్ని నీళ్లున్నాయి, సర్దుకోవచ్చు. ‘లిటిల్ వాటర్’ అంటే నీళ్లు లేనట్టే. కాలువ చివరి పొలం రైతుకు ఈ రెండు వాక్యాలు రెండు వేర్వేరు ఏడాదులు.

తప్పక వదిలే సందర్భాలు

బహువచనం ముందు: ‘కోకోనట్స్’, ‘ఫార్మర్స్’.

లెక్కపెట్టని నామవాచకాల ముందు: తెలుగువారికి ఇది అన్నిటికన్నా కష్టమైన చోటు. ఏది లెక్కకు వస్తుంది అన్నదాన్ని ప్రతి భాషా తనదైన తీరులో నిర్ణయించుకుంటుంది. నీళ్లు, పాలు తెలుగులో బహువచనాలు, ఇంగ్లిషులో లెక్కకు రాని ఏకవచనాలు. సలహా, వార్త, సామాను తెలుగులో లెక్కకు వస్తాయి. ‘ఒక సలహా చెప్పండి’ అంటాం. ఇంగ్లిషులో ‘అడ్వైస్’, ‘న్యూస్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘లగేజ్’, ‘ఫర్నిచర్’, ‘హోమ్‌వర్క్’, ‘ఎక్విప్‌మెంట్’ లెక్కకు రావు, వాటి ముందు ‘ఎ’ పెట్టకూడదు. లెక్క చెప్పాల్సి వస్తే కొలమానం చేర్చాలి: ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’, ‘ఎ గ్లాస్ ఆఫ్ వాటర్’, ‘ఎ బ్యాగ్ ఆఫ్ ప్యాడీ’. బస్తా ధాన్యం, గ్లాసుడు నీళ్లు, కట్ట తమలపాకులు అని కొలమానంతో మాట్లాడే డెల్టావాసులకు ఈ పద్ధతి అలవాటే.

‘మై’, ‘దిస్’, ‘ఎవ్రీ’ వంటివి ఉన్నప్పుడు: ‘ఎ మై ఫ్రెండ్’ అనకూడదు, ‘ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్’ అనాలి.

ఒక్కరే ఉండే పదవికి ఎన్నికైనప్పుడు: పురపాలక సంఘాన్ని తీసుకుంటే ఈ తేడా బాగా తెలుస్తుంది. కౌన్సిలర్లు చాలామంది కాబట్టి ‘షి వాజ్ ఎలెక్టెడ్ ఎ కౌన్సిలర్’ అంటారు. చైర్‌పర్సన్ ఒక్కరే కాబట్టి ‘షి వాజ్ ఎలెక్టెడ్ చైర్‌పర్సన్’ అంటారు, ‘ఎ’ రాదు.

ప్రయాణ సాధనం, నిత్యకృత్యం చెప్పేటప్పుడు: ‘బై బస్’, ‘బై ట్రైన్’, ‘ఆన్ ఫుట్’, ‘గో టు స్కూల్’, ‘ఎట్ హోమ్’. ఇక్కడ బస్సు ఫలానా వాహనం కాదు, వెళ్లే పద్ధతి. ‘ఇన్ ఎ బస్’ అంటే మాత్రం ఏదో ఒక బస్సులో అని.

భోజనాల పేర్ల ముందు: ‘వి హాడ్ లంచ్’. విశేషణం చేరితే ‘ఎ గుడ్ లంచ్’ అవుతుంది.

జబ్బుల పేర్ల ముందు: మలేరియా, డెంగీ, టైఫాయిడ్, డయాబెటిస్ వంటి వాటికి ఆర్టికల్ లేదు. జలుబు, తలనొప్పులకు మాత్రం ‘ఎ కోల్డ్’, ‘ఎ హెడేక్’ అంటారు.

జంటపదాల్లో: ‘డే బై డే’, ‘హ్యాండ్ ఇన్ హ్యాండ్’.

పత్రికా శీర్షికలు, బోర్డులు, నోటీసులు చోటు కలిసిరావడానికి ఆర్టికల్‌ను వదిలేస్తాయి. మాటకింత అని రుసుము కట్టే టెలిగ్రాముల్లోనూ ఈ పొదుపు ఉండేది. భారతదేశంలో ఆ సేవ 2013 జూలైలో ముగిసింది. శీర్షికలు చదివి ఇంగ్లిషు నేర్చుకునేవారు ఆ క్లుప్తతను మామూలు వాక్యానికి తెచ్చుకోకూడదు.

ఒకే మాట, రెండు తీర్లు

చాలా మాటలు లెక్కలోకీ వస్తాయి, లెక్క బయటా ఉంటాయి. అప్పుడు ఆర్టికలే అర్థాన్ని నిర్ణయిస్తుంది. ‘ఎ చికెన్’ అంటే కోడి, ‘చికెన్’ అంటే కోడిమాంసం. ‘ఎ కోకోనట్’ అంటే నిండు కాయ, పచ్చడిలో పడేది ‘కోకోనట్’. ‘ఎ పేపర్’ అంటే దినపత్రికో పరీక్షపత్రమో, ‘పేపర్’ అంటే కాగితం. ‘ఎ రూమ్’ అంటే గది, ‘రూమ్’ అంటే చోటు. ‘కాఫీ’ అంటే పానీయం, హోటల్లో ‘ఎ కాఫీ’ అంటే ఒక కప్పు.

భావనామాలదీ అదే తీరు. ‘ఎక్స్‌పీరియన్స్’ అంటే ఏళ్లతరబడి గడించిన అనుభవజ్ఞానం, ‘ఎన్ ఎక్స్‌పీరియన్స్’ అంటే ఎదురైన ఒకానొక అనుభవం. ‘నాలెడ్జ్’ లెక్కకు రాదు, అయినా ‘ఎ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ ఇంగ్లిష్’ అన్నప్పుడు విశేషణం దానికి హద్దు గీసింది కాబట్టి ‘ఎ’ వస్తుంది. నిఘంటువుల్లో మాట పక్కన అది లెక్కకు వచ్చేదా కాదా అన్న గుర్తు ఉంటుంది. మాట అర్థంతో పాటు ఆ గుర్తును కూడా చూసుకునే అలవాటు విద్యార్థికి చాలా మేలు చేస్తుంది.

భారతీయ ఇంగ్లిషులో, అనువాద తెలుగులో

భారతీయులు మాట్లాడే ఇంగ్లిషులో ‘ఎ’ రావాల్సిన చోట ‘వన్’ తరచుగా వినిపిస్తుంది. ‘వన్ మ్యాన్ కేమ్’, ‘ఐ హావ్ వన్ డౌట్’ వంటివి మన ‘ఒకాయన’, ‘ఒక సందేహం’ నుంచి వచ్చిన వాక్యాలు. ఫలానా మనిషి మనసులో ఉన్నప్పుడు ‘వన్’ అని, లేనప్పుడు ఏమీ పెట్టకుండా వదిలేయడం తెలుగు తర్కాన్ని చక్కగా అనుసరిస్తుంది. ప్రామాణిక ఇంగ్లిషులో ‘వన్’ను లెక్కకు ఊనిక ఇచ్చేటప్పుడే వాడాలి. రెండు కాదు, ఒక్కటే అని చెప్పదలచుకున్నప్పుడు అది సరైన మాట.

ఈ ఇబ్బంది తెలుగువారిదొక్కరిదే కాదు. టానియా ఐయొనిన్, హీజియాంగ్ కో, కెనెత్ వెక్స్‌లర్ 2004లో ప్రచురించిన పరిశోధన, ఆర్టికళ్లు లేని రష్యన్, కొరియన్ మాతృభాషలుగా ఉన్నవారు ఇంగ్లిషును ఎలా నేర్చుకుంటారో పరిశీలించింది. మాట్లాడేవారికి ఫలానాది తెలియడం, వినేవారికి కూడా అది తెలియడం అనే రెండు విషయాల మధ్య ఆ విద్యార్థులు ఊగిసలాడతారని తేల్చింది. ఇంగ్లిషు ఆర్టికల్ వినేవారి వైపు నుంచి ఆలోచించమంటుంది.

ఇంగ్లిషు ప్రభావం తెలుగు మీదా పడింది. అనువాద వార్తల్లో, ప్రకటనల్లో ‘ఆమె ఒక మంచి డాక్టర్’, ‘ఇది ఒక ముఖ్యమైన విషయం’ వంటి వాక్యాలు పెరిగాయి. ‘ఆవిడ మంచి డాక్టరు’, ‘ఇది ముఖ్యమైన విషయం’ అంటే తెలుగు నిండుగా ఉంటుంది. ఇంగ్లిషులో అవసరమైన ఆర్టికల్‌ను నిలపడం, తెలుగులో అనవసరమైన ‘ఒక’ను తీసేయడం రెండూ భాషా శ్రద్ధలో భాగాలే.

బోధన

తెలుగునాట ఇంగ్లిషు బోధనకు ప్రత్యేక సంస్థగా హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది. అదే ఇప్పుడు ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఉపాధ్యాయ శిక్షణ ఎంతో విస్తరించినా, తరగతిలో ఆర్టికల్ అభ్యాసం చాలాచోట్ల ఖాళీలు పూరించడం దగ్గరే ఆగిపోతోంది. ఖాళీ కనబడగానే అక్కడ ఏదో ఒక ఆర్టికల్ కావాలని విద్యార్థికి తెలిసిపోతుంది. ఎక్కడ వదలాలో తెలుసుకునే అవకాశం ఆ అభ్యాసంలో ఉండదు. వదలడం తెలియకుండా వాడడం తెలిసినట్టు కాదు. అందుకే ఏమీ రాయనవసరం లేని ఖాళీలు కూడా ప్రశ్నలో ఉండాలి. ఖాళీలే లేని పేరాను ఇచ్చి అవసరమైన చోట విద్యార్థే ఆర్టికల్ చేర్చేలా చేయడం ఇంకా మంచిది.

నామవాచకం ఎదురైనప్పుడు వరుసగా మూడు ప్రశ్నలు వేసుకోవడం నేర్పితే చాలా సందేహాలు తీరతాయి. ఈ వాక్యంలో ఇది లెక్కకు వస్తుందా? ఒక్కటేనా? వినేవారికి కొత్తదా? మూడింటికీ అవునని జవాబు వస్తే, తర్వాతి ధ్వనిని బట్టి ‘ఎ’ గాని ‘ఎన్’ గాని పెట్టాలి. మొదటి రెండింటిలో ఏదైనా కాదంటే వాటిని వదలాలి. మూడోది కాదంటే ‘ది’ వైపు చూడాలి. పదవులు, ప్రయాణ సాధనాలు, భోజనాలు, జబ్బులు వంటి మినహాయింపులను విడివిడిగా బట్టీ పట్టించకుండా జట్లుగా, విద్యార్థి ఊరి జీవితంలోని ఉదాహరణలతో చెబితే గుర్తుంటాయి.

ఈ పాఠం తెలుగుతోనే మొదలుకావడం మేలు. ‘బల్ల మీద పుస్తకం’, ‘పుస్తకం బల్ల మీద’ అన్న రెండు వాక్యాల తేడా రామచంద్రపురం బడిలో రెండో తరగతి పిల్లకు కూడా తెలుసు. కొత్తది, తెలిసినది అన్న వివేకం ఆమెకు ఉంది. ఆ వివేకాన్ని ఇంగ్లిషు ఏ మాటతో చూపిస్తుందో చెప్పడమే ఉపాధ్యాయుని పని. మాతృభాషలో ఉన్న జ్ఞానాన్ని పునాదిగా గౌరవించి మొదలుపెట్టిన చోట, ఆర్టికల్ పాఠం భయపెట్టే నియమాల పట్టికలా ఉండదు. తాను చెప్పేది ఎదుటివారికి ఎలా చేరుతుందో ఆలోచించే శిక్షణ అవుతుంది.